డ్రై డే నాడు వైన్స్ బంద్, బెల్టు షాపు ఓపెన్: ఈ మందు చట్టాలు ఎవరి కోసం?

ముషీరాబాద్ మల్లేష్
చాలా రోజుల నుంచి ఇక్కడ అడుగుదామనుకుంటున్నా. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి, అక్టోబర్ 2, కాబట్టి డ్రై డే. తెలంగాణల దసరా అంటే ముక్క, చుక్క రెండూ ఉండాల్సిందేనని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. మరి ఆ రోజు ఎవరైనా తాగకుండా ఉన్నారా? ముందు రోజు రాత్రి మా గల్లీ చివర వైన్స్ దగ్గర ట్రాఫిక్ జామ్ అయింది, కాటన్లకు కాటన్లు భుజాన వేసుకుని పోయారు జనం. సరే, గాంధీగారి మీద గౌరవం అనుకుందాం. మూడు నెలలు తిరక్కుండానే డిసెంబర్ 31 వస్తే అదే సర్కారు వైన్స్ రాత్రి పన్నెండు దాకా, బార్లు ఒంటిగంట దాకా తెరుచుకోమని పర్మిషన్ ఇస్తుంది, మళ్లీ అదే రాత్రి ఊరంతా పోలీసుల్ని నిలబెట్టి నోట్లో మిషన్ పెట్టి ఊదమంటుంది. గట్టిగా ఉంటే మొత్తం గట్టిగా ఉండాలి, లేదంటే వదిలేయాలి. ఈ నడిమిట్ల నాటకం ఎందుకు?

బీరుబాలుడు
ఫ్రిజ్ ఉన్నోడికి డ్రై డే లేదు మల్లేషన్నా. రోజు కూలి రోజే తెచ్చుకునేవాడికే డ్రై డే. వాడు ఆ రోజు లైసెన్సు లేని బెల్టు షాపులో క్వార్టర్‌కి ముప్పై, నలభై ఎక్కువిచ్చి కొంటాడు. అంతే తేడా.

నాంపల్లి వకీలు
ముందు చట్టం సంగతి కాస్త తెలిస్తే వాదన సులువు. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి రాష్ట్రం ప్రయత్నించాలని చెబుతుంది, కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టుకు వెళ్లి అమలు చేయించుకునేది కాదు. మద్యం మీద అధికారం రాష్ట్రాల జాబితాలో ఉంది. అందుకే గోవాలో 18 ఏళ్లకే కొనొచ్చు, మన దగ్గర 21, కేరళలో 23, ఢిల్లీలో 25. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ నిషేధమే, అక్కడ కూడా 2023 డిసెంబర్‌లో గిఫ్ట్ సిటీలో కొంచెం తలుపు తీశారు, పెట్టుబడులు రావాలి కదా. ఇంకో ముఖ్యమైన విషయం, తాగే మద్యం జీఎస్టీలో లేదు. రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం పన్ను వేసుకోగలిగిన వస్తువులు పెట్రోలు, మందు తప్ప పెద్దగా మిగల్లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మల్లేష్ గారు అడిగిన నాటకం ఎందుకో సగం అర్థమవుతుంది.

ముషీరాబాద్ మల్లేష్
అంటే పైసల కోసమే అంటారు. అది నాకూ తెలుసు సార్. 2023లో వైన్స్ టెండర్లకు లక్షా ముప్పై వేలకు పైగా అప్లికేషన్లు వచ్చాయి, ఒక్కోదానికి రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఉన్నవి 2,620 షాపులు. అంటే ఒక్క సీసా అమ్మకముందే రెండు వేల ఆరు వందల కోట్లు దాటింది ఖజానాకు. 2025లో ఫీజు మూడు లక్షలు చేశారు, అప్లికేషన్లు 95 వేలకు తగ్గాయి, డబ్బు మాత్రం ఇంకా పెరిగింది. లాటరీ డ్రా రోజు ఫంక్షన్ హాళ్లలో ఎంత సందడో చూశారు కదా, పెళ్లి సంబంధం కుదిరినంత సంతోషం.

కూకట్‌పల్లి కుర్రోడు
ఆంధ్రా వాళ్లం మేము ప్రైవేటు వైన్స్, ప్రభుత్వ షాపులు రెండూ చూసేశాం భయ్యా. మాది జగ్గయ్యపేట దగ్గర ఊరు. 2019 అక్టోబర్ 1 నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది, దశలవారీగా నిషేధం అన్నారు, షాపులు 4,380 నుంచి 3,500కు తగ్గించారు, బెల్టు షాపులు తీసేశామన్నారు. వినడానికి బాగుంది. తర్వాత 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి షాపులు తెరవగానే రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచారు, ధర పెరిగితే తాగడం మానేస్తారని. మా ఊళ్లో మానేసినవాళ్లు ఎవరూ లేరు, తాగేది మార్చారు అంతే. తెలిసిన బ్రాండ్లు షాపుల్లో కనపడవు, పేరు కూడా ఎప్పుడూ వినని సీసాలు పెట్టేవారు, కార్డు తీసుకోరు, ఫోన్‌పే లేదు, క్యాష్ ఇవ్వాల్సిందే. దాంతో శనివారం వస్తే బండ్లన్నీ కోదాడ వైపు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పండగ వాతావరణం. పక్క రాష్ట్రం నుంచి మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని హైకోర్టు చెబితే, ఆ వెంటనే ప్రభుత్వం ఆ రూలే మార్చేసింది. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ మా బంధువే, నా బ్యాగు తీసి చూసి ‘ఏరా, నువ్వు కూడానా’ అన్నాడు.

ఇక 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. మర్చిపోయారా?

సుజాత (నల్గొండ)
మర్చిపోలేదు తమ్ముడూ. కానీ కురిచేడులో అప్పుడు కోవిడ్ వల్ల షాపులు మూసేశారు, అది కూడా చెప్పాలి. రేటు ఒక్కటే కారణం అన్నట్టు రాయకు.

నాకు ఈ చర్చలో మొదటి నుంచీ ఒకటి కనపడుతోంది. రాసేవాళ్లంతా తాగేవాళ్ల వైపు నుంచే రాస్తున్నారు, బ్రాండ్ దొరకలేదు, టైమ్ చాలలేదు, క్యూలో నిలబడ్డాం అని. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌ని. సోమవారం పొద్దున మా క్లాసులో నిద్రపోయే పిల్లలు ఎవరో, ఆదివారం రాత్రి వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో చూడకుండానే చెప్పగలను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు చట్టం తెలియదు, రాత్రి బడిలో చదువుకోవడానికి నలుగురూ ఒక చోట కూర్చోవడం తెలిసింది, కూర్చున్నాక అందరి ఇంట్లో ఒకటే బాధ అని తెలిసింది. ఆ తర్వాత వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణం చేసిన రోజే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలు. 1997లో ఎత్తేశారు, కానీ సారా నిషేధం అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది. మీరంతా ‘నిషేధం ఫెయిల్’ అంటారు. సారా ప్యాకెట్ మళ్లీ రాలేదుగా? అది ఫెయిలా?

పాత ఖాకీ
సుజాతమ్మ చెప్పినదాంట్లో సగానికి నేను సాక్షిని. ఎక్సైజ్‌లో కానిస్టేబుల్‌గా చేరి సర్వీసంతా అందులోనే గడిపాను, ఇప్పుడు రిటైర్ అయి మనవడిని స్కూల్‌కి దింపుతున్నాను.

1995లో మొదటి కొన్ని నెలలు ఊళ్లల్లో నిజంగానే మార్పు కనిపించింది, ఆడవాళ్లు మాకు మజ్జిగ ఇచ్చేవారు, ఏ దొడ్లో దాచారో వాళ్లే చూపించేవారు. ఆ తర్వాత రెండు వైపుల నుంచి గండి పడింది. ఒకటి, నాలుగు వైపులా పక్క రాష్ట్రాలు, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు దాటితే కావలసినంత. లారీలో ఉల్లిగడ్డ బస్తాల కింద, అంబులెన్స్‌లో, పాల క్యాన్లలో, అన్నీ పట్టుకున్నాం, పట్టుకోనివి ఎన్నో దేవుడికే తెలియాలి. రెండోది గుడుంబా. నల్లబెల్లం, పటిక, నీళ్లు, ఒక డ్రమ్ము, ఒక కట్టెల పొయ్యి, పెట్టుబడి అంతే. మన హైదరాబాద్‌లో ధూల్‌పేట పేరు వినగానే అందరికీ అదే గుర్తొచ్చేది. పొద్దున పోయి డ్రమ్ములు పగలగొడితే మురికి కాల్వంతా పులిసిన వాసన, సాయంత్రానికి ఇంకో గల్లీలో పొయ్యి వెలిగేది. పట్టుబడ్డవాళ్లలో పెద్ద తలకాయ ఎప్పుడూ లేడు. మోసేవాడు, వండే ముసలమ్మ. కేసు రాసేటప్పుడు నాకే మనసొప్పేది కాదు, రాయకపోతే పైనుంచి టార్గెట్.

ఇంకోటి. నిషేధం ఉన్నప్పుడు మాలో కొంతమంది ఇళ్లు కట్టారు. పేర్లు అడగకండి.

బీరుబాలుడు
సార్ చివరి లైన్‌కి లైక్ కొట్టడానికి బటన్ ఎక్కడ?

ముషీరాబాద్ మల్లేష్
సుజాతక్కా, కోపం వద్దు. సారా పోయింది, నిజమే. కానీ సారా తాగినవాడు ఎటు పోయాడు? గుడుంబాకి పోయాడు, కల్తీ కల్లుకి పోయాడు, ఇప్పుడు చీప్ లిక్కర్ క్వార్టర్ తాగుతున్నాడు. బీహార్ చూడండి. 2016 ఏప్రిల్ నుంచి సంపూర్ణ నిషేధం. 2022 డిసెంబర్‌లో సారణ్ జిల్లాలో కల్తీ మందు తాగి డెబ్బై మందికి పైగా చచ్చిపోయారు. కేసులు ఎంతగా పేరుకుపోయాయంటే అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి.రమణ గారు 2021లో విజయవాడ వచ్చినప్పుడు ముందుచూపు లేకుండా చేసిన చట్టానికి ఉదాహరణగా దాన్నే చెప్పారు, హైకోర్టు బెయిల్ పిటిషన్లతోనే నిండిపోయిందని. ఆ తర్వాత వాళ్లే చట్టం మెత్తబరిచారు, మొదటిసారి తాగి దొరికితే ఫైన్ కట్టి వెళ్లిపోవచ్చు.

సుజాత (నల్గొండ)
కల్తీ మందు చావులు నిషేధం లేని చోట జరగవా? 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా పోయారు. అక్కడ ప్రభుత్వమే ఊరూరా షాపులు పెట్టి అమ్ముతోంది, నిషేధం లేదు. కాబట్టి కల్తీకి కారణం నిషేధం ఒక్కటే అనకండి, పేదవాడు కొనగలిగే రేటులో దొరక్కపోవడం, పోలీసులు చూసీ చూడనట్టుండడం.

లెక్కలు కావాలంటే కేంద్రం చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 2019-21ది. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దాదాపు 43 శాతం, దేశంలో అరుణాచల్ తర్వాత మనమే. బీహార్‌లో 15, 16 శాతం. గుజరాత్‌లో ఆరు కూడా లేదు.

కూకట్‌పల్లి కుర్రోడు
అక్కా, తాగితే జైలు అన్న రాష్ట్రంలో ఇంటికొచ్చి ‘తాగుతారా’ అని అడిగితే ఎవడు ఔనంటాడు? మన దగ్గరైతే బ్రాండ్ పేరుతో సహా చెబుతారు.

నాంపల్లి వకీలు
కొంత దాచి చెబుతారు, ఒప్పుకుంటాను. కానీ 43కీ 15కీ మధ్య ఉన్న తేడా అంతా అబద్ధమే అనడానికి నాకు మనసు రాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తగ్గుతారు, అదే నిషేధం చేసే మేలు. అలవాటైనవాడిని మాత్రం అది ఇంకా ప్రమాదకరమైన సీసా దగ్గరికి తోస్తుంది. రెండూ ఒకే చట్టం చేస్తుంది. మనం ఎవరిని కాపాడాలనుకుంటున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఫయాజ్ (మలక్‌పేట)
నేను తాగను, మా ఇంట్లో ఎవరూ తాగరు, అయినా చదువుతున్నా ఎందుకంటే మా బస్తీ వెనకే కల్లు కాంపౌండ్. ఈ చర్చలో కల్లు గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. 2004లో సిటీలో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో తెలంగాణ వచ్చాక మళ్లీ తెరిచారు. గీత కార్మికుల బతుకుదెరువు అన్నారు, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ హైదరాబాద్‌లో అంతమందికి సరిపడా తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కడున్నాయి చెప్పండి? చెట్టు నుంచి వచ్చింది కొంత, మిగతాది నీళ్లు, శాక్రిన్, అల్‌ప్రాజోలం. అది నిద్రమాత్రల మందు, డాక్టర్ చీటీ లేకుండా షాపులో ఇవ్వరు, కల్లు సీసాలో మాత్రం దొరుకుతుంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చచ్చిపోయారు. మా వీధిలో ఒక చాచా కల్లు మానేద్దామనుకుని మానితే మూడో రోజుకి పిచ్చి పిచ్చిగా మాట్లాడడం మొదలుపెట్టాడు, చేతులు కట్టి ఎర్రగడ్డ మెంటల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంట్లోవాళ్లకి అది కల్లు కాదు, అందులో కలిపిన మందు మానేసినందుకు వచ్చిందని డాక్టర్ చెప్పేదాకా తెలియదు.

నా బాధ ఏంటంటే, వైన్స్ గంట ఆలస్యంగా మూస్తే వచ్చి ఫైన్ వేస్తారు. సీసాలో ఏముందో చూడడానికి ఎవరూ రారు, చావులు జరిగాక తప్ప.

పాత ఖాకీ
ఫయాజ్ బాబూ, శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపితే రిపోర్టు వచ్చేసరికి ఆ కల్లు తాగేసి సీసాలు కడిగేసి ఉంటారు. అల్‌ప్రాజోలం దొరికితే ఎన్డీపీఎస్ కేసు, అంటే మాదకద్రవ్యాల చట్టం, చాలా గట్టి చట్టం. గట్టిగా ఉండడం వేరు, వాడడం వేరు.

కూకట్‌పల్లి కుర్రోడు
గట్టి చట్టం పనిచేసిన చోటు ఒకటి మన సిటీలోనే ఉంది, డ్రంక్ అండ్ డ్రైవ్. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. బండి అక్కడే పెట్టించుకుంటారు, ఇంటి నుంచి ఒకరిని తీసుకుని గోషామహల్లోనో బేగంపేటలోనో కౌన్సెలింగ్‌కి రమ్మంటారు, ఆ తర్వాత కోర్టు, పదివేల దాకా ఫైన్, జైలు కూడా. మా టీమ్‌లో ఒకడు వాళ్ల నాన్నను తీసుకెళ్లాల్సి వచ్చింది. ఫైన్‌కి భయపడలేదు వాడు, ఆ హాల్లో నాన్న పక్కన కుర్చీలో కూర్చుని యాక్సిడెంట్ వీడియోలు చూడడానికి సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పుడు శుక్రవారం వస్తే మా వాళ్లంతా క్యాబే. ఎవరి తాగుడూ తగ్గలేదు, స్టీరింగ్ పట్టుకోవడం తగ్గింది. ఇంట్లో తాగేవాడిని వదిలేసి పక్కవాడికి ప్రమాదం చేసేవాడిని పట్టుకునే చట్టం, నాకు ఇదే కరెక్ట్ అనిపిస్తుంది.

ముషీరాబాద్ మల్లేష్
సిటీలో సరే. హైవే మీద? 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మన హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు ఒక బైక్‌ను ఢీకొని తగలబడింది, బైక్ నడిపినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్‌లో తేలింది. సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో హైవేకి 500 మీటర్ల లోపల మందు షాపులు వద్దంది, 2017లో చిన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లు చేసింది. అప్పుడు ఏం చేశారో గుర్తుందా? కొన్ని రాష్ట్రాలు రోడ్డు పేరే మార్చాయి, స్టేట్ హైవే కాదు, జిల్లా రోడ్డు అన్నాయి. షాపు కదల్లేదు, రోడ్డే కదిలింది.

సుజాత (నల్గొండ)
ఇంట్లో తాగేవాడిని వదిలేద్దాం అన్నావు చూడు తమ్ముడూ, అక్కడే నీకూ నాకూ తేడా. పక్కవాడు అంటే రోడ్డు మీద వెళ్లేవాడేనా? ఇంట్లో పెళ్లాం, పిల్లలు పక్కవాళ్లు కారా? ఊదించే మిషన్ గుమ్మం లోపలికి రాదు.

నేను సంపూర్ణ నిషేధం కావాలని అడగడం లేదు, ఎవరూ నా పోస్టులు సరిగ్గా చదవడం లేదు. బెల్టు షాపు మూయమంటున్నాను. లైసెన్సు లేదు, టైమ్ లేదు, వయసు చూడరు, పొద్దున పనికి పోయేవాడికి ఐదింటికే దొరుకుతుంది, అప్పు కూడా పెడతారు. చట్టం ప్రకారం ఒక్కటి కూడా ఉండకూడదు. నిజామాబాద్ వైపు కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలే బెల్టు షాపుకి వేలం పాట పెడతాయి, పాట డబ్బుతో గుడి కడతారు. పక్కనే ఇంకో ఊరు అమ్మినవాడికి జరిమానా అని తీర్మానం చేస్తుంది. రెండు ఊళ్లకూ ఒకటే చట్టం, ఒకటే ఎక్సైజ్ స్టేషన్.

పాత ఖాకీ
బెల్టు షాపు ఎందుకు మూయరో చెబుతాను. మూడు లక్షల ఫీజు పోగొట్టుకుని, లాటరీలో గెలిచి, ఏటా లక్షల్లో లైసెన్సు ఫీజు కట్టేవాడికి ఒక్క కౌంటర్ మీద ఆ డబ్బు తిరిగి రాదు. చుట్టూ ఊళ్లకు సరుకు పంపాలి. డిపో నుంచి ఎంత ఎత్తాడన్నది చూసి పైవాళ్లు మమ్మల్ని అడుగుతారు, పోయిన ఏడాది ఇదే నెల కంటే తగ్గిందేం అని. ఒకే మీటింగులో ‘బెల్టు షాపుల మీద రెయిడ్లు పెంచండి’ అంటారు, పావుగంట తర్వాత ‘లిఫ్టింగ్ పెంచండి’ అంటారు. రెండూ రాసుకుని వచ్చేవాళ్లం.

మోడరేటర్
పార్టీల పేర్లతో వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాను. ఎవరి హయాంలో ఎక్కువ తాగారన్నది వేరే థ్రెడ్‌లో కొట్టుకోండి.

పద్మ (ఉప్పల్)
అందరూ పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నాది చిన్నది. మా కాలనీ మెయిన్ రోడ్డు మీద కొత్త వైన్స్ పెడుతున్నారు, షట్టర్‌కి రంగు కూడా వేశారు, అక్కడే కూర్చుని తాగే పర్మిట్ రూమ్ కూడా ఉంటుందట. దానికి అవతల పిల్లల స్కూల్ ఉంది. అడిగితే ‘రూల్ ప్రకారమే పెడుతున్నాం మేడమ్’ అంటున్నారు. వకీలు గారూ, ఏం చేయాలి?

నాంపల్లి వకీలు
పద్మ గారూ, గుడి, బడి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల పెట్టకూడదు. కానీ మ్యాప్ మీద తిన్నగా గీత గీసి కొలవరు. షాపు గుమ్మం మధ్య నుంచి స్కూల్ గేటు మధ్య దాకా మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట కొలుస్తారు. మధ్యలో డివైడర్ ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాలి కాబట్టి దూరం పెరుగుతుంది, షాపు వాళ్లు ఆ దారినే చూపిస్తారు. స్కూల్‌కి ప్రభుత్వ గుర్తింపు ఉందా లేదా ముందు కనుక్కోండి, లేకపోతే లెక్కలోకి రాదు. గుడి అయితే దేవాదాయ శాఖ రికార్డులో ఉండాలి, మసీదు అయితే వక్ఫ్ బోర్డులో. గేటు నుంచి గుమ్మం దాకా టేపు పెట్టి వీడియో తీయండి, కాలనీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. షాపు తెరిచి లైసెన్సు చేతికొచ్చాక కదిలించడం కష్టం, ఈ వారమే ఇవ్వండి.

పద్మ (ఉప్పల్)
డివైడర్ ఉంది సార్. అయితే ఆ డివైడర్‌కి స్కూల్ ఎదురుగానే సందు ఉంది, పిల్లలంతా అందులోంచే రోడ్డు దాటుతారు.

నాంపల్లి వకీలు
అయితే అదే మామూలుగా నడిచే దారి. స్కూల్ వదిలే టైమ్‌లో వీడియో తీయండి, పిల్లలు ఆ సందులోంచి దాటుతున్నట్టు కనపడాలి.